మరియమ్మ ఉంగరం వేలు

కర్నూలు నుంచి

నేను పళ్ళు చేస్తాను. డాక్టర్లు రోగుల నోట్లో తీసిన అచ్చులు మా ల్యాబుకు వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి, ఆ ప్లాస్టర్ దవడ మీద మైనంతో పన్ను మలిచి, చివరికి పెట్టుకునే పన్ను తయారుచేస్తాం. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. కర్నూలులో నేను చేసిన పళ్ళతో నవ్వేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరి ముఖమూ నేను చూడలేదు.

కిందటేడు మాకు పని ఇచ్చే డాక్టరు గారొకరు ఇటలీ వెళ్ళొచ్చి ఫోనులో పాలరాతి శిల్పాలు చూపించారు. బడిలో సాంస్కృతిక పునరుజ్జీవనం అని బట్టీపట్టిన పాఠం ఉంది కదా, ఆ కాలం నాటివట. ఒక శిల్పం ముందు వాళ్ళావిడ నిలబడి ఏడ్చేసిందట. "చూడండి సుభాషిణి గారూ, ఎంత గొప్పగా ఉందో!" అన్నారు. "చాలా బాగుంది సార్" అన్నాను. అది అబద్ధం. నాకు తెల్లటి రాయి తప్ప ఏమీ కనిపించలేదు. నాకు కనపడనిది ఆమెకు ఏం కనపడింది? ఈ ప్రశ్న చెప్పులో ఇసుక రేణువులా చాలా రోజులు గుచ్చుతూనే ఉంది.

అందుకే, బెంగళూరులో ఒక చిన్న శిల్పశాల వాళ్ళు ఇటలీ శిల్పాల గురించి బొత్తిగా ఏమీ తెలియనివాళ్ళ కోసం ఆరు రోజుల తరగతి పెడుతున్నారని చూడగానే పేరు నమోదు చేయించుకున్నాను. "ఇటలీ బొమ్మలు బెంగళూరులో యాడుంటాయి?" అన్నారు మా ఆయన. "ప్లాస్టర్ నకళ్ళంట" అన్నాను. "పొద్దున లేస్తే నువ్వు చూసేది ప్లాస్టరే కదా, దానికి సెలవు పెట్టి పోవాల్నా?" అని నవ్వారు. ల్యాబులోనూ నవ్వారు. ఆదివారం రైలెక్కాను.

బసవనగుడి

శిల్పశాల ఒక పాత బంగళా. పెంకుల వరండా, లోపల ఎత్తైన పైకప్పు, గోడల వెంట పద్నాలుగు నిలువెత్తు ప్లాస్టర్ బొమ్మలు. ఎన్నో ఏళ్ళ కిందట ఒక కళాభిమాని ఇటలీలోని అసలు శిల్పాల మీద అచ్చులు తీయించి, నకళ్ళు పోయించి, ఓడలో తెప్పించాడట. తరగతికి తొమ్మిదిమందిమి వచ్చాం. మిగతా ఎనిమిదిమందీ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటున్నారు. నేను చివరి కుర్చీ చూసుకుని కూర్చున్నాను.

మేష్టారు వెంకటరమణప్ప గారికి డెబ్భై దాటాయి. వాళ్ళ తాతలు కబ్బన్‌పేటలో మగ్గం నేసిన తెలుగువాళ్ళు. నాలుగు తరాలుగా వాళ్ళది బెంగళూరే. ఆయన ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి, నా వైపు తిరిగి తెలుగులోకి దిగారు.

"ఈ దినం నేను చెప్పేది ఏమీ లేదమ్మా. ఒక్కొక్కరు ఒక్కో బొమ్మ ముందర కూర్చోండి. గంటసేపు సుమ్నే చూడండి."

సుమ్నే అంటే ఊరికే. ఊరికే చూడటం ఎంత కష్టమో ఆ గంటలో తెలిసింది. నాకు దక్కిన బొమ్మ మరియమ్మ. దేవదూత వచ్చి, నీ కడుపున దేవుని కొడుకు పుడతాడని చెప్పిన క్షణమట. పీట మీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్నది లేచి నిలబడింది. ఎడమ బొటనవేలు ఇంకా పుస్తకంలోనే, చదివే పుట దగ్గర ఉంది. కుడి చెయ్యి రొమ్ము ముందుకు లేచింది, వేళ్ళు విడివడి ఉన్నాయి. ఎవరు చెక్కారో పేరు తెలియదు. పది నిమిషాలకు నాకు ఆవలింత వచ్చింది.

గంటయ్యాక మేష్టారు వచ్చారు. "ఏం చూస్తివి?"

"ఎడమ మోచేయి కింద గాలి బుడగలున్నాయి సార్. ప్లాస్టర్ పోసేటప్పుడు సరిగ్గా తట్టలేదు. వీపు మీద అచ్చు కలిసిన గీత ఉంది, దాన్ని నున్నగా రుద్దకుండా వదిలేశారు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "పోసినోడి పని చూస్తివి. చెక్కినోడి పని రేపు చూద్దువులే" అన్నారు.

మధ్యాహ్నం బయట తిన్న ఖాలీ దోసె దూదిలా ఉంది. సాంబారు మాత్రం తీపి. మా వైపు సాంబారులో బెల్లం ఈ మోతాదులో పడితే వంటమనిషిని మారుస్తారు. ఇక్కడ అడిగి మరీ పోయించుకుంటున్నారు. రెండోరోజు పొద్దున టిఫినుకు నేనూ పోయించుకున్నాను.

పగిలింది

మంగళవారం మేష్టారు మా అందర్నీ బస్టాపులో నిలబడ్డట్టు ఒక కాలి మీద బరువేసి నిలబడమన్నారు. నిలబడ్డాక చూసుకుంటే, బరువున్న వైపు నడుము పైకి లేచింది, అదే వైపు భుజం కిందికి జారింది, తల కొంచెం పక్కకు వాలింది. "ఈ సంగతిని రాతిలో పెట్టినారు. మరియమ్మను చూడు, యే కాలి మీద ఉండాదో" అన్నారు. చూశాను. బట్ట మడతల కింద ఎడమకాలి మీద బరువుంది. కుడి మోకాలు వదులుగా, చీరలో మోకాలు తోసుకొచ్చినట్టు, గుడ్డను ముందుకు నెట్టింది.

"మన గుళ్ళల్లో బొమ్మలు గూడా వంగే ఉంటాయి కదా సార్?" అన్నాను.

"ఉంటాయి. అది నాట్యమమ్మా, దానికి లెక్కుండాది. ఇది లెక్క లేని వంపు. మనం అలిసిపోయి నిలబడతామే, అది."

అప్పటినుంచి నాకు ఆకలి మొదలైంది. తినే ఆకలి కాదు, చూసే ఆకలి. భోజనానికి అందరూ బయటకు పోతే నేను మరియమ్మ దగ్గరే ఉండిపోయాను. ముట్టుకోవద్దని మూడు భాషల్లో బోర్డుంది. కానీ నా పనిలో కంటికి తెలిసేది సగమే, మిగతా సగం బొటనవేలికి తెలుస్తుంది. లేచిన ఆ కుడిచేతి ఉంగరం వేలి మీద మెల్లగా బొటనవేలు నడిపాను.

టక్కుమని చిన్న చప్పుడు. వేలి పై రెండు కణుపులు ఊడి నాపరాతి నేల మీద పడ్డాయి. లోపల ఎప్పుడో గుల్లైపోయిన ప్లాస్టర్. ఏరబోతే చేతిలో పొడైంది.

నేనేం చేశానో ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ పొడిని చేతిరుమాల్లో పోసి, మూట కట్టి, బ్యాగులో పెట్టుకుని బయటకు వచ్చేశాను.

బంగళా ఊడ్చి తుడిచే గౌరమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఆమె కూడా ఇక్కడి పాత తెలుగు మనిషే. "రామ్మా, బై టూ కాఫీ తాగుదాము. నాకి ఒక్కదానికి ఫుల్లు ఎక్కువయితాది" అంది. ఒక కాఫీ చెప్పి ఇద్దరు సగం సగం తాగడం ఈ ఊళ్ళో మామూలు. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా అలా పంచుకుంటారని, అందులో మొహమాటమేమీ లేదని ఆమే చెప్పింది. ఒళ్ళో బ్యాగు పెట్టుకుని ఆ సగం గ్లాసు తాగాను.

లోపలికి వెళ్ళేసరికి శిల్పశాల మేనేజరు మరియమ్మ ముందు నిలబడి కేకలేస్తున్నాడు. నా వెనకే వచ్చిన గౌరమ్మను పిలిచి చేతిని చూపించాడు.

"పదకొండేళ్ళ నుంచి తుడుస్తున్నావు. ఇదేనా తుడవడం?"

"నేను కాదు సార్. పొద్దున తుడిచినప్పుడు సరిగ్గానే ఉండె."

"మరి ఎవరు చేశారు? గాలికి విరిగిందా? ఈ నెలాఖరు వరకు ఉండు, తర్వాత రావద్దు."

గౌరమ్మ చేతిలోని తడిగుడ్డను పిండుతూనే ఉంది. నేను నోరు తెరవడానికి కొన్ని క్షణాలు పట్టింది. ఆ క్షణాలు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. ఎవరూ చూడలేదు, ఇంకో నాలుగు రోజుల్లో మా ఊరికి పోతాను, అన్న ఆలోచన నిజంగానే వచ్చింది.

"పగలగొట్టింది నేను సార్" అని చేతిరుమాలు విప్పి బల్ల మీద పెట్టాను.

మేనేజరు ఆ పొడిని చూసి నెత్తి పట్టుకున్నాడు. అసలు సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఇటలీలో ఏదో చిన్న ఊరి చర్చిలో ఉన్న అసలు శిల్పానికి ఆ వేళ్ళు ఎప్పుడో విరిగిపోయాయట. అంతకుముందే తీసిన అచ్చు కాబట్టి, లోకం మొత్తం మీద ఆ వేలు ఈ నకలు మీద మాత్రమే మిగిలింది. పాత రిజిస్టరులో ఫోటో ఉంది గానీ, పక్కనుంచి తీసింది. ఉంగరం వేలు మధ్యవేలి చాటున పడిపోయింది. లోపల ఫోటోలు తీయకూడదని నియమం, కాబట్టి ఎవరి ఫోనులోనూ లేదు. మేష్టారిని అడిగితే తల అడ్డంగా ఊపారు. "ముప్పై ఏండ్లుగా చూస్తా ఉండాను. ఇప్పుడు కండ్లు మూసుకుంటే ఆ వేలు గుర్తుకు వస్తా లేదమ్మా."

మేనేజరు నన్ను తరగతి మానేసి వెళ్ళిపొమ్మన్నాడు. మేష్టారు అడ్డుపడ్డారు. "ఈమెకి ప్లాస్టర్ తెలుసు. పగలగొట్టిన చెయ్యే చేసియ్యనీ."

చివరికి మేనేజరు ఒప్పుకున్నాడు. శనివారం జనం చూడటానికి వస్తారు. ఆ పొద్దుటికల్లా వేలు సరిగ్గా ఉంటే సరే. లేకపోతే, తాళం చేతులు గౌరమ్మ దగ్గరే ఉంటాయి కాబట్టి, గదిలో మనిషిని ఒంటరిగా వదిలిన తప్పు ఆమెదే అవుతుంది. "చేస్తా సార్" అన్నాను. ఎలా చేయాలో తెలియకుండానే అన్నాను.

మహదేవపుర

నా మకాం మహదేవపురలో, షబానా ఫ్లాటులో. షబానా మా ల్యాబులో నాతో పనిచేసిన ఖాదర్ బీ కూతురు. ఇక్కడ సాఫ్ట్‌వేరు ఉద్యోగం. జరిగింది చెప్తే ఆ అమ్మాయి చాయ్ కప్పు చేతికిచ్చి, "ఆంటీ, ఫస్ట్ మీరు రిలాక్స్ అవ్వండి. డెలిబరేట్‌గా చేయలేదు కదా, యాక్సిడెంట్ అది" అంది. తర్వాత కాసేపు ఆలోచించి, "మా పక్క లేఅవుట్‌లో ఫుల్ ఇటాలియన్ స్టాచ్యూస్ ఉన్నాయి ఆంటీ. రిఫరెన్స్‌కి యూజ్ అవుతాయేమో, పదండి" అని లేచింది.

నిజంగానే ఉన్నాయి. ఇటలీలోని ఏదో జిల్లా పేరు పెట్టుకున్న విల్లాల గేటు లోపల ఫౌంటెను, దాని చుట్టూ కుండలెత్తుకున్న ఆరుగురు తెల్లటి ఆడవాళ్ళు. సెక్యూరిటీ అతను ఫోన్లో ఎవరినో అడిగి, షబానా పేరు రాసుకుని, పది నిమిషాలిచ్చాడు. సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. దగ్గరికెళ్ళి ఒక్కో చేతినీ చూశాను. అన్నీ ఫైబరు బొమ్మలు. నాలుగు వేళ్ళూ ఒకే మూసలో పోసిన కొవ్వొత్తుల్లా ఉన్నాయి. కుండ బరువు ఏ వేలి మీదా పడలేదు. కుండ తీసేసినా ఆ చేతులకు తెలియదు.

"డైలీ వీటి పక్కనించే జాగింగ్ చేస్తా ఆంటీ. ఈ వేళ్ళు ఇంత బ్యాడ్‌గా ఉన్నాయని ఎప్పుడూ నోటీస్ చేయలేదు" అంది షబానా.

రెండు రోజుల కిందట అయితే నేనూ చేసేదాన్ని కాదు. అంతటి దిగులులోనూ అది నాకు సంతోషమే అనిపించింది. పనికిరాని చెయ్యి ఏదో తెలిసింది. పనికొచ్చే చెయ్యి ఏదో తెలియాలి.

అత్తిబెలె

చర్చిలకు మరియమ్మ విగ్రహాలు చెక్కే వాళ్ళు అత్తిబెలె దగ్గర ఉన్నారని షబానానే ఫోన్లో వెతికి పెట్టింది. బుధవారం పొద్దున్నే బస్సెక్కాను. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, కర్నూలు చిరునామా చదివి, తాపీగా టికెట్టు కొట్టిచ్చాడు. ఈ రాష్ట్రం ఆడవాళ్ళకే ఉచితం. మా రాష్ట్రంలో నాకూ ఉచితమే. పక్కనున్నావిడ టికెట్టు లేకుండా దర్జాగా కూర్చుని నన్ను జాలిగా చూసింది.

ఫ్యాక్టరీ షెడ్లు, లారీల వరస దాటాక రోడ్డు పక్కన రాళ్ళ దుమ్ములో మునిగిన యార్డు కనిపించింది. వినాయకులు, బాబాలు, ఆంజనేయుల మధ్య నల్లరాతి మరియమ్మ ఒకరు సగం పూర్తయి నిలబడి ఉన్నారు. పనివాడు మునిరాజు హోసూరు వైపు తెలుగువాడు. వచ్చిన పని చెప్తే ఉలి కింద పెట్టి ఓపిగ్గా విన్నాడు.

"చెయ్యెత్తి ఉండాదా? అట్లయితే కష్టమేముందక్కా. మరియమ్మయినా మారెమ్మయినా చెయ్యెత్తితే భయపడొద్దనే కదా. వేళ్ళు నిట్టంగా పెట్టేయండి."

చేతి కొలతలు ఎలా పెట్టాలో కూడా చూపించాడు. గడ్డం నుంచి నుదుటి పైదాకా ముఖమెంత పొడుగో, మణికట్టు నుంచి వేలి కొసదాకా చెయ్యీ అంత పొడుగుండాలట. వేలికి వేలికి మధ్య ఎంత ఎడమో వాళ్ళ నాయన నేర్పిన లెక్క వేరే ఉంది. రాయి మీద సుద్దతో గీసి చూపించాడు. ఆ లెక్కతో వేల విగ్రహాలు లేచి నిలబడ్డాయన్న ధీమా అతని మాటలో ఉంది. నాకూ ధైర్యం వచ్చింది. మధ్యాహ్నం తన క్యారియరు విప్పి రాగి ముద్ద, పప్పూ ఆకుకూరా ఉడికిన నీళ్ళతో కాచే బస్సారు పెట్టాడు. మా సంగటిలో అన్నం కలుస్తుంది, నెయ్యి కలిపి నములుతాం. ఇది ఉట్టి రాగి పిండి, నమలకుండా మింగాలట. నేను నమిలాను. పళ్ళకు అతుక్కుపోయింది. "పండ్లు చేసే అక్కకే పండ్లు పట్టేసినాయే!" అని అతను పడీపడీ నవ్వాడు.

ఆశీర్వాదం

గురువారం పొద్దున్న కొవ్వొత్తి మైనం కరిగించి, మునిరాజు చెప్పినట్టు నిటారైన వేలు చేసి, విరిగిన మొదలు మీద నిలబెట్టాను. మేష్టారు దూరంగా జరిగి చూశారు. దగ్గరికొచ్చి చూశారు.

"ఏం చేస్తా ఉండాది ఈయమ్మ?"

"చెయ్యెత్తింది సార్."

"అది కాదు. ఏం చేస్తా ఉండాది?"

నేను వేలిని మొదలు దగ్గర ఇంకొంచెం నొక్కి నిలబెట్టాను.

"ఆశీర్వాదం చేస్తా ఉండాది. నువ్వు భయపడొద్దప్పా అని దేవదూతకే చెప్తా ఉండాది! వార్త ఎవురు తెచ్చిరి, ఎవురు వినిరి?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అడిగారు.

మళ్ళీ చూశాను. నిజమే. ఆ ఒక్క వేలు నిటారయ్యేసరికి చెయ్యి మొత్తం గుళ్ళో చెయ్యి అయిపోయింది. మునిరాజు లెక్కలో తప్పేమీ లేదు. అది దేవత చెయ్యి లెక్క. ఈమె ఈ క్షణానికి ఇంకా ఇంట్లో పుస్తకం చదువుకుంటున్న మనిషే. మేష్టారు ఇంకో మాట అన్నారు. "ఈ కాలం వాళ్ళు పట్టుకోవాలని చూసింది అదేనమ్మా. ఆమెకి ఇంకా ఏమీ తెలీదు."

నేను చూస్తుండగానే ఎండ తగిలి కొవ్వొత్తి మైనం మెత్తబడి, వేలు పక్కకు వాలిపోయింది. మేనేజరు తలుపు దగ్గర నిలబడి అంతా చూసి వెళ్ళిపోయాడు. గౌరమ్మ నేల తుడుస్తూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఒంటిగంటకు మెట్రో ఎక్కాను. పళ్ళ పనికి వాడే గట్టి గులాబీ మైనం, రాగి తీగ, మంచి ప్లాస్టర్ కావాలి.

చిక్కపేట

చిక్కపేటలో నడవడానికి ధైర్యం కావాలి. తోపుడుబండ్లు, బేళ్ళు మోసే హమాలీల మధ్య మనిషికి దారి ఉండదు, మనమే దూరిపోవాలి. హార్డువేరు సందులో రాగి తీగ, ప్లాస్టర్ దొరికాయి. డెంటల్ సామాను దుకాణం వెతుకుతూ వెతుకుతూ చెప్పు తెగింది. ఒక హోల్‌సేల్ పట్టుచీరల కొట్టు మెట్ల మీద కూలబడ్డాను. కొట్టు పెద్దాయన తెలుగులోనే, "లోపలికి రామ్మా, కొనకపోయినా పరవాలేదు, ఫ్యాను ఉండాది" అన్నారు.

పరుపు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాను. ఎదురుగా ఒకావిడ, ముప్పై ఏళ్ళుంటాయి, ఆకుపచ్చ చీర ఒళ్ళో పరుచుకుని చూస్తోంది. పెద్దాయన ధర చెప్పారు. ఆమె కుడి చెయ్యి గభాల్న రొమ్ము ముందుకు లేచింది.

నేను నీళ్ళు తాగడం ఆపేశాను. ఆ చేతిలో నాలుగు వేళ్ళూ నాలుగు రకాలుగా ఉన్నాయి. చూపుడువేలు ఇంకా బయటి వైపే చూస్తోంది. మధ్యవేలు కొద్దిగా వంగింది. చిటికెనవేలు, ఉంగరం వేలు రెండూ కలిసి అరచేతి వైపు ముడుచుకున్నాయి. సగం చెయ్యి వద్దంటోంది, సగం చెయ్యి చీరను వదలలేకపోతోంది.

"అమ్మా, ఏమనుకోవద్దు. చెయ్యి ఇంకొకసారి అట్లా పెడతావా?" అన్నాను.

ఆమె బిత్తరపోయింది. సంగతి చెప్తే నవ్వి, చెయ్యి ఎత్తి పెట్టింది. లాభం లేదు. నాలుగు వేళ్ళూ చక్కగా, పటంలో ఉన్నట్టు, చచ్చిపోయి ఉన్నాయి. పెట్టమంటే పెట్టిన చెయ్యి అది. ఇందాకటిది ఆమెకు తెలియకుండా లేచింది. మరియమ్మను చెక్కినవాడు ఇలాంటి చేతుల కోసం ఎన్ని వీధుల్లో, ఎన్ని అంగళ్ళలో కాచుకుని కూర్చున్నాడో! ఆ పేరు తెలియని మనిషి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది, తోటి పనివాడి మీద కలిగే గౌరవం.

మరో గంట ఆ కొట్లోనే కూర్చున్నాను. ధర వినగానే లేచిన చేతులు ఇంకో ఏడు చూశాను. పెద్దాయన నా కోసం ధరలు కొంచెం గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. చివరికి ఆయనే కొట్లో కుర్రాణ్ణి వెంట పంపి మైనం దుకాణం చూపించారు. ఆ ఆకుపచ్చ చీర ఆమె కొనుక్కుంది.

మళ్ళీ బసవనగుడి

శుక్రవారం ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే. ఊడిన పన్ను ఎలా ఉండేదో ఫోటో ఎవరిస్తారు? పక్కనున్న రెండు పళ్ళూ, ఎదురు పన్నూ చూసి చెప్తాం. మరియమ్మకు మధ్యవేలు ఉంది, చిటికెనవేలు ఉంది, ఉంగరం వేలి మొదలు ఉంది. మేష్టారి టేబులు లైటు తెచ్చి పక్కనుంచి వెలుగు వేశాను. ఈసారి ముట్టుకోలేదు. చేతి వెనక చర్మం కింద నరాలు లాగినట్టున్న సన్నని గట్లు కనిపించాయి. చూపుడువేలికి పోయే గట్టు బిగిసి లేచి ఉంది. ఉంగరం వేలికి పోయే గట్టు కనీ కనపడనట్టు అణిగిపోయింది. వేలు చాచి ఉంటే అది లేవాలి. కాబట్టి ఆ వేలు ముడుచుకోవడం మొదలుపెట్టింది. చిటికెనవేలు ఎంత వంగిందో, దానికి కాస్త తక్కువ.

ఒక గట్టు. వెంట్రుక మందం. దాన్ని కూడా వదలకుండా చెక్కాడు! మొదటిరోజు గంటసేపు ఆ చేతి ముందే కూర్చుని నేను బుడగలు చూశాను.

గులాబీ మైనంతో మొదటి వేలు చేశాను, మరీ వంగింది. చెరిపేశాను. రెండోది పొట్టిదైంది. మూడోది, నాలుగోది. ఐదోది పెట్టి మేష్టారిని పిలిచాను. ఆయన చాలాసేపు నిలబడ్డారు.

"ఇప్పుడు ఏం చేస్తా ఉండాది?"

"వద్దు అనబోయింది సార్. అనలేదు ఇంకా."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈయమ్మ వద్దంటా ఉండాదని ఇన్నేండ్లూ పిల్లోళ్ళకి చెప్తా వస్తిని. సగమే చెప్తినే" అన్నారు. ప్లాస్టర్ పొడి నా వైపు జరిపారు.

మైనం వేలికి అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి, బుడగ లేకుండా తట్టి, లోపల రాగి తీగ పెట్టి అతికించాను. పాత ప్లాస్టర్ పసుపెక్కి ఉంది, కొత్తది తెల్లగా ఉంది. టీ నీళ్ళతో రంగు కలుపుతానంటే మేష్టారు వద్దన్నారు. "యాది పాతదో యాది నీదో చూసేవాళ్ళకి తెలియాల" అన్నారు.

శనివారం

జనం పది గంటలకు మొదలయ్యారు. మాలో ఒక్కొక్కరూ ఒక్కో బొమ్మ దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు పది నిమిషాలు చెప్పాలి. నేను తెలుగులోనే చెప్పాను. అర్థంకాని వాళ్ళకు, సెలవు కావడంతో నాతో వచ్చిన షబానా ఇంగ్లీషులో చెప్పింది, నేను చెప్పినదానికంటే ఎక్కువే చెప్పింది. బరువున్న కాలు చూపించాను, గుడ్డను నెట్టిన మోకాలు, పుస్తకంలో ఇరుక్కున్న బొటనవేలు, లేచిన గట్టు, లేవని గట్టు. తెల్లటి వేలు నేను చేసిందని, ఎందుకు చేయాల్సి వచ్చిందో కూడా చెప్పాను. ఒకాయన, "ఇది ఊహే కదండీ?" అన్నారు. "అవును సార్, ఊహే. కానీ పక్క వేళ్ళని అడిగి చేసిన ఊహ" అన్నాను. మేనేజరు గుంపు వెనక నిలబడి విన్నాడు. పన్నెండింటికి గౌరమ్మను పిలిచి, సోమవారం ఎప్పటిలాగే ఆరింటికి రమ్మని, తాళం చేతులు ఆమె చేతికే ఇచ్చాడు.

మూడింటికి జనం తగ్గారు. గౌరమ్మ తుడిచే గుడ్డ భుజాన వేసుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆ వేలు నీదేనా?"

"నాదే."

"బాగుండాది" అంది. అంతలో చూపు చేతి మీదనుంచి పైకి తిప్పింది. తల వెనక్కి వాల్చి చాలాసేపు చూసింది. తర్వాత, నాకు చెప్పినట్టు కాకుండా, మెల్లగా అంది: "అయ్యో, చిన్నబిడ్డ కదమ్మా ఇది. పదహైదేండ్లు గూడా ఉండవే."

నేను తలెత్తాను. ఆరు రోజుల్లో ఆ ముఖాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నున్నగా ఉంది, అమ్మవారి ముఖాలు అలాగే ఉంటాయి అనుకుని ప్రతిసారీ చేతి దగ్గరికి దిగిపోయాను. ఇప్పుడు చూస్తే బుగ్గల్లో ఇంకా పసితనం కరగలేదు. కింది పెదవి కొంచెం ముందుకు వచ్చింది, పంటి కింద పట్టుకోబోయి మరిచిపోయినట్టు. అంత పెద్ద మాట మోయడానికి వాళ్ళమ్మ కూడా పక్కన లేదు. గదిలో ఒక్కతే నిలబడి ఉంది.

నా కళ్ళు మసకబారాయి. చూడాలనిపించి, కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూశాను. రైలుకు టైమవుతోందని షబానా రెండుసార్లు పిలిచింది. గౌరమ్మ పీట తెచ్చి నా వెనక వేసింది. కూర్చున్నాను.